మఫిన్ ట్రేలో మా నానీ ఖాగీనా

మగ్రిబ్ నమాజు చదివి జానిమాజ్ మడతపెడుతుంటే ఫోను మోగింది. షికాగో నుంచి మా చిన్నమ్మాయి. అక్కడ పొద్దున్న. ఆసుపత్రిలో నైట్ డ్యూటీ ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది. వీడియోలో ముందు తన మొహం కాదు, ఓ నల్లటి ట్రే కనిపించింది. పన్నెండు గుంటలు, ఒక్కో గుంటలో పసుపుపచ్చగా పొంగిన గుడ్డు ముద్ద.

"అమ్మీ, యే దేఖో. వీటిని ఎగ్ బైట్స్ అంటారు. ఆదివారం ఒకసారి చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే మూడు నాలుగు రోజులు నాష్తా ఫికర్ ఉండదు."

ఇవి కాఫీ దుకాణంలో దొరుకుతాయట. బోర్డు చదివితే ఒక రకంలో బేకన్ ఉందని తెలిసిందట. బేకన్ అంటే పంది మాంసం. దాంతో ఇంట్లోనే చేయడం నేర్చుకుంది. అంతవరకు మాషా అల్లాహ్ అనుకున్నాను. తర్వాత అన్న మాటే గుచ్చుకుంది.

"మన ఖాందాన్‌లో ఇలాంటివి ఎవరూ చేయలేదు కదమ్మీ. మనకు గుడ్డంటే ఆమ్లెట్, లేకపోతే బగారా అన్నంలోకి అండే కా సాలన్. అంతే."

నేను ముప్పై ఏళ్ళు పిల్లలకు తారీఖ్ చెప్పిన టీచర్‌ని. రాజుల తేదీలు, యుద్ధాల తేదీలు తడుముకోకుండా చెబుతాను. మా సొంత బావర్చీఖానా తారీఖ్ మాత్రం నా కూతురికి చెప్పలేదని ఆ సాయంత్రం తెలిసింది. ఎందుకంటే అలాంటిది మా ఇంట్లో ఉండేది. మా నానీ చేసేది. నానీ తర్వాత మా ఆపా చేసేది. ఆపా అల్లాహ్‌కు ప్యారీ అయి రెండేళ్ళయింది. ఆ వంట ఏ కాగితం మీదా లేదు.

అందుకే ఈ వ్యాసం. ముందు నానీ సంగతి, తర్వాత బగ్దాద్ సంగతి, చివర్లో ట్రే సంగతి చెబుతాను.

మాది కర్నూలు పాతబస్తీ. నానీ పెరట్లో ఆరేడు నాటుకోళ్ళు ఉండేవి. ఇప్పుడు ముప్పై గుడ్ల అట్ట కొనుక్కొచ్చి ఫ్రిజ్ మీద పెట్టే పిల్లలకు ఆ రోజుల హాలత్ అర్థం కాదు. నాటుకోడి ఏడాదికి పెట్టేది అరవై, డెబ్బై గుడ్లు. అందులో కొన్ని పొదగడానికి పక్కన పెట్టాలి. మిగిలినవి జ్వరమొచ్చినవాళ్ళకు, బాలింతకు, ఇంటికొచ్చిన దామాద్‌కు. నాలుగు గుడ్లు మిగిలితే అది పండగే.

ఆ నాలుగు గుడ్లతో తొమ్మిది మందికి నాష్తా పెట్టేది నానీ. ఉల్లిగడ్డలు సన్నగా తరిగి నూనెలో మగ్గబెట్టేది. ఉడకబెట్టిన ఆలుగడ్డ మెదిపేది. పచ్చిమిర్చి, కొత్తిమీర, చిటికెడు పసుపు, రెండు చెంచాల శనగపిండి. గుడ్లు కొట్టి అన్నీ కలిపి, నెయ్యి రాసిన మందపాటి దేగ్చీలో పోసేది. కింద బొగ్గుల సెగ, మూత మీద నాలుగు నిప్పులు. "దమ్ దేరీఁ, మూత తీయకండి" అని మమ్మల్ని అదిలించేది. కాసేపటికి దేగ్చీని పళ్ళెంలో బోర్లిస్తే గుండ్రటి రొట్టెలా దిగేది. దాన్ని కత్తితో చదరాలుగా కోసేది.

మేము దాన్ని ఖాగీనా అనేవాళ్ళం. హైదరాబాద్‌లో ఖాగీనా అంటే పెనం మీద ఉల్లిగడ్డతో కలియబెట్టిన గుడ్డు పొడి. మా నానీది మాత్రం ముక్కల ఖాగీనా. ఎందుకు ఇంత మెహనత్ అని చిన్నప్పుడు అడిగాను. కలియబెట్టి దస్తర్‌ఖాన్ మధ్యలో పెడితే పెద్ద చేతులకు ఎక్కువ వెళ్ళిపోతుంది, ఆఖర్న కూర్చునే ఆడపిల్లలకు గిన్నె గోడలు మిగులుతాయి అంది. ముక్కలు కోస్తే తొమ్మిది మందికి తొమ్మిది. మామూజాన్‌కు ఎంతో నాకూ అంతే. అది జాయికా కోసం చేసిన పని కాదు, ఇన్సాఫ్ కోసం చేసిన పని.

కొలత అడిగితే చెప్పేది కాదు. "నానీ, కిత్తే అండే?" అంటే, "హై సో ఉత్తే" అనేది. ఉన్నన్ని. ఉప్పెంత అంటే అందాజా. ఎంతసేపు అంటే వాసన వచ్చేదాకా. ఆపాకు ఆ అందాజా చేతికి వచ్చింది. నాకు పుస్తకాలు వచ్చాయి, అది రాలేదు.

సరే, ఆ పుస్తకాల సంగతే చూద్దాం. గుడ్డులో కూర కలిపి గట్టిపడేదాకా వండి ముక్కలు చేయడం ఎంత పాతది?

ఇక్కడ ఒక మాట. అన్నీ మనవాళ్ళే కనిపెట్టారని చెప్పడం నాకు ఇష్టం ఉండదు. అది తారీఖ్ కాదు, షేఖీ. గుడ్లతో మాంసం, కూరగాయలు, చేపలు కలిపి గట్టిపరిచే వంటలు పాత రోమన్లకు ఉన్నాయి. వాటిని పటీనా అనేవారు. అపీకియస్ పేరుతో మిగిలిన లాటిన్ వంటల కితాబులో అలాంటివి చాలా కనిపిస్తాయి. ఇటలీవాళ్ళకు ఫ్రిటాటా ఉంది, స్పెయిన్‌వాళ్ళకు టోర్టిల్లా ఉంది. గుడ్డు, నిప్పు ఉన్న ప్రతి చోటా ఎవరో ఒక అమ్మ ఈ పని చేసే ఉంటుంది.

కానీ మన వైపు వచ్చే దారి బగ్దాద్ మీదుగా ఉంది. పదో శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ అనే ఆయన అబ్బాసీ ఖలీఫాల, వాళ్ళ దర్బారువాళ్ళ వంటలను సమకూర్చి కితాబ్ అల్ తబీఖ్ రాశాడు. అరబీలో మనకు దొరుకుతున్న వంటల కితాబుల్లో అందరికంటే పాతది అదే. అందులో గుడ్ల వంటలున్నాయి. వాటిని ఉజ్జా అంటారు. ఇరాక్‌లో పుట్టిన నవాల్ నస్రల్లా అనే ఆవిడ ఈ మొత్తం కితాబును ఇంగ్లీషులోకి తెచ్చింది. 2007లో అచ్చయింది.

ఆ తర్వాతిది ముహమ్మద్ బిన్ హసన్ అల్ బగ్దాదీ కితాబు. పేరు అదే, కితాబ్ అల్ తబీఖ్. రాసిన ఏడు 1226. దీని కథ నాకు చాలా ఇష్టం. రాసిన 32 ఏళ్ళకు, 1258లో, మంగోలుల ఫౌజు బగ్దాద్‌ను నేలమట్టం చేసింది. కుతుబ్‌ఖానాలు పోయాయి, ఖలీఫా పోయాడు, వంటవాళ్ళు ఏమయ్యారో ఎవరూ రాయలేదు. ఈ చిన్న కితాబు మాత్రం బతికింది. ఇస్తాంబుల్‌లో ఉన్న రాతప్రతి ఆధారంగా దావూద్ చెలబీ దాన్ని 1934లో మోసుల్‌లో అచ్చువేయించాడు.

దాన్ని ఇంగ్లీషులోకి మొదట తెచ్చింది ఆర్బెర్రీ. ఆ తర్జుమా ఎక్కడ అచ్చయిందో తెలుసా? లండన్‌లో కాదు. మన హైదరాబాద్‌లో. నిజాం సర్కారు సాయంతో 1927లో మొదలైన ఇస్లామిక్ కల్చర్ అనే పత్రికలో, 1939లో. ఆ పత్రికకు మొదటి ఎడిటర్ ఖురాన్‌ను ఇంగ్లీషులోకి తర్జుమా చేసిన మార్మడ్యూక్ పిక్తాల్. అంటే బగ్దాద్ వంటింటి తలుపు ఇంగ్లీషు చదివే దునియాకు తెరుచుకున్నది దక్కన్ గడ్డ మీద. ఈ సంగతి తెలిసిన రోజు నేను నానీని తలుచుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఆమె దేగ్చీ మీద నిప్పులు పేర్చుతున్న కాలంలోనే, మా ఊరికి 200 కిలోమీటర్ల దూరంలో, ఆమె వంటకు ముత్తవ్వల్లాంటి వంటలు అచ్చవుతున్నాయి. ఆమెకు ఆ ఖబర్ లేదు. వాళ్ళకు ఈమె ఖబర్ లేదు.

ఆ కితాబులో నర్జిసియ్యా అనే వంట ఉంది. మాంసం వండి, చివర్లో పైన గుడ్లు కొట్టి వేసి, కదపకుండా సన్నని సెగ మీద కుదురుకోనిస్తారు. తెల్లసొన మధ్య పచ్చసొన నర్గిస్ పువ్వులా కనిపిస్తుందని ఆ పేరు. మన నర్గిసీ కోఫ్తాలోని నర్గిసీ కూడా ఆ పువ్వే. కోఫ్తా వేరు, నర్జిసియ్యా వేరు. కానీ కోసిన గుడ్డులో ఆ పువ్వును చూసే చూపు ఒక్కటే. అల్ బగ్దాదీ వంటల్లో చాలా వాటి ఆఖరి పని ఇదే: గిన్నె అంచులు తుడిచి, సన్నని సెగ మీద కాసేపు వదిలేయడం. మనం దమ్ అనేది అలాంటి సబర్‌నే.

ఇక ఖాగీనా అనే మాట ఫార్సీ. ఫార్సీలో ఖాగ్ అంటే గుడ్డు. దక్కన్‌కు ఆ భాష బలంగా వచ్చింది. కుతుబ్‌షాహీల ఏలుబడి 1518 నుంచి 1687 దాకా. 1591లో హైదరాబాద్ కట్టినప్పుడు ముహమ్మద్ కులీ కుతుబ్‌షాహ్ దగ్గర పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ ఇరాన్‌లోని అస్తరాబాద్ నుంచి వచ్చినవాడు. అలా వచ్చినవాళ్ళు దఫ్తర్ మాటలే కాదు, దస్తర్‌ఖాన్ మాటలు కూడా తెచ్చారు. ఇరాన్‌లో ఈ రోజుకూ కూకూ అనే వంట ఉంది. గుప్పెళ్ళకొద్దీ ఆకుకూర తరిగి గుడ్లలో కలిపి మందంగా వండి ముక్కలు కోస్తారు. నౌరోజ్ రోజు కూకూ సబ్జీ చాలా ఇళ్ళలో తప్పనిసరి. మా నానీ ముక్కల ఖాగీనాకు సగీ బహెన్ అంటే అదే. మాట ఏ దారిన వచ్చిందో చెప్పగలను. వంట కూడా అదే దారిన వచ్చిందని కసమ్ వేసి చెప్పను. నానీ తన ఇంట్లో అవసరం చూసి తానే కనిపెట్టి ఉండొచ్చు.

పడమటి వైపు ఇంకో చెల్లెలు ఉంది. ట్యునీషియాలో తాజీన్ అంటే మొరాకోలో లాగా మట్టిపాత్రలో ఉడికే సాలన్ కాదు. మాంసం, చీజ్, కొత్తిమీర లాంటి ఆకులు గుడ్లలో కలిపి ఓవెన్‌లో పెట్టి, చల్లారాక చదరాలుగా కోసేది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ మీద తప్పక కనిపిస్తుంది. పదమూడో శతాబ్దంలో ముర్సియాలో పుట్టిన ఇబ్న్ రజీన్ అల్ తుజీబీ అందలూస్ చేజారుతున్న రోజుల్లో వతన్ వదిలి, చివరికి ట్యునిస్ చేరాడు. అందలూస్ వంటలను ఓ పెద్ద కితాబుగా రాశాడు. 1293లో ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు. పోగొట్టుకున్న వతన్‌ను ఆయన వంటలుగా రాసి దాచుకున్నాడని నాకు అనిపిస్తుంది. షికాగోలో ఉన్న నా కూతురికి ఈ మాట చెబితే కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరి మనకు ఓవెన్ ఎక్కడుండేది? ఇళ్ళలో లేదు. బేకరీ భట్టీయే మొహల్లా మొత్తానికి ఓవెన్. ఈద్‌కు ముందు గుడ్లు, ఖోవా, బాదం, పంచదార, నెయ్యి కలిపిన పియోసీ పిండిని ట్రేలలో పోసి, పైన గుడ్డ కప్పి, పిల్లల చేత భట్టీకి పంపేవాళ్ళు. బ్రెడ్లు దించిన తర్వాత భట్టీలో మిగిలే మెల్లని వేడి గుడ్డుకు సరిగ్గా సరిపోతుంది. ఎవరి ట్రే ఏదో తెలియడానికి అంచున దారం కట్టేవాళ్ళం. మాది ఎర్రదారం. ఆ భట్టీ మూతపడి చాలా కాలమైంది. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది.

గుడ్డు రోజూ తినే వస్తువు కావడం కూడా మన కళ్ళ ముందే జరిగింది. మన తెలుగువాడు బి.వి. రావు 1971లో పూణెలో వెంకటేశ్వర హేచరీస్ మొదలుపెట్టాడు. దళారులు చెప్పిన ధరకు రైతులు నష్టపోతుంటే వాళ్ళందరినీ ఒకచోటికి చేర్చి 1982లో నెక్ అని మనం పిలిచే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీని నిలబెట్టాడు. సండే అయినా మండే అయినా గుడ్డు తినమని టీవీలో వచ్చిన ఆ హిందీ ప్రకటన వాళ్ళదే. ఫారం కోడి ఏడాదికి 300 దాకా పెడుతుంది. దేశంలో గుడ్లు ఎక్కువగా వచ్చే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు ముందుంటాయి. నానీ జమానాలో నాలుగు గుడ్లు పండగ. ఈరోజు కూలిపని చేసే ఇంట్లోనూ పిల్లవాడి చేతికి ఒక గుడ్డు వస్తోంది, బడిలో మధ్యాహ్నం భోజనంలోనూ వస్తోంది. ఇది చిన్న ఇంఖిలాబ్ కాదు.

ఇప్పుడు మా అమ్మాయి ట్రే దగ్గరికి వద్దాం. ఈ ఎగ్ బైట్స్ పేరు అమెరికాలో ఇంటింటికీ పాకింది 2017 జనవరిలో స్టార్‌బక్స్ వాటిని తన దుకాణాల్లో పెట్టాక. వాటిని సూ వీడ్ పద్ధతిలో చేస్తారు. అంటే గాలి చొరకుండా మూసి, మరగని వేడినీళ్ళలో మెల్లగా వండడం. ఫ్రాన్స్‌లో 1974లో జార్జ్ ప్రాలూ అనే వంటమాస్టర్ ఈ పద్ధతికి దారి వేశాడు. ఇంట్లో అంత సామాను ఉండదు గనుక జనం మఫిన్ ట్రే, ఓవెన్ పట్టుకున్నారు.

నేనూ పట్టుకున్నాను. మొదటిసారి ఓవెన్ 200 డిగ్రీల మీద పెట్టాను. గుబ్బల్లా పొంగాయి, బయటికి తీయగానే చతికిలపడ్డాయి. తింటే రబ్బరు. ట్రేలో నీళ్ళు ఊరాయి. ఎందుకో ఆలోచిస్తే నానీ దేగ్చీ గుర్తొచ్చింది. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర బిగుసుకోవడం మొదలుపెడుతుంది. పచ్చసొన 65 నుంచి 70 మధ్య. అంతకు మించి వేడి ఎక్కేకొద్దీ గుడ్డులోని ప్రొటీన్ ఇంకా ఇంకా బిగిసి, తనలోని నీళ్ళను పిండి బయటికి తోసేస్తుంది. నానీకి ఈ అంకెలు తెలియవు. మంట తగ్గించాలని, పైనా కిందా సమంగా సెగ ఉండాలని, మూత తీయకూడదని తెలుసు. మిగిలిన ఇల్మ్ అంతా ఆ మూడింట్లోనే ఉంది.

రెండోసారి ఓవెన్ 160 డిగ్రీలకు తగ్గించాను. కింది అరలో వెడల్పాటి పళ్ళెంలో వేడినీళ్ళు పెట్టాను. ఆ ఆవిరి దమ్ పని చేసింది. మూడోసారికి కుదిరింది. నాలుగోసారి మా అమ్మాయికి వీడియోలో చూపించాను.

ఈసారి అందాజా అనను. రాసిపెడుతున్నాను, మీరూ రాసుకోండి. పన్నెండు గుంటల ట్రేకు ఎనిమిది గుడ్లు. చిదిమిన పనీర్ 100 గ్రాములు, పాలు పావు కప్పు. ఒక పెద్ద ఉల్లిగడ్డ సన్నగా తరిగి, నీరంతా ఇగిరేదాకా నూనెలో మగ్గబెట్టి చల్లార్చాలి. పచ్చిగా వేస్తే నీళ్ళు వదులుతుంది. పాలకూర వేసేవాళ్ళు కూడా మగ్గబెట్టి గట్టిగా పిండాలి. ఉడికిన చిన్న ఆలుగడ్డ ఒకటి మెదిపి, రెండు పచ్చిమిర్చి, గుప్పెడు కొత్తిమీర, కొంచెం పుదీనా, చిటికెడు పసుపు, ముప్పావు చెంచా ఉప్పు, మిరియాల పొడి. శనగపిండి రెండు చెంచాలు పాలలో ఉండలు లేకుండా కలిపి వేయాలి. గుడ్లను నురగ వచ్చేలా కాకుండా మెల్లగా గిలకొట్టాలి. నురగ ఎక్కువైతే పొంగి కూలిపోతాయి. గుంటలకు నెయ్యి ధారాళంగా రాసి, సగానికి కొంచెం పైగా పోయాలి. 160 డిగ్రీల్లో 25 నుంచి 30 నిమిషాలు. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. ఐదు నిమిషాలు ఆగి తీయాలి.

ఓవెన్ లేని ఇంట్లో ఇడ్లీ పాత్ర చాలు. గుంటలకు నెయ్యి రాసి, ఈ మిశ్రమమే పోసి, మధ్యస్థం మంట మీద 10 నుంచి 12 నిమిషాలు ఆవిరి పట్టండి. ఎర్రటి పైపొర రాదు గానీ మెత్తదనం దానికే ఎక్కువ. చల్లారాక మూతగిన్నెలో ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు, మహా అయితే నాలుగు. తినే ముందు పొగలొచ్చేలా వేడి చేయండి. రమజాన్‌లో సహరీకి నాలుగింటికి లేచి పొయ్యి వెలిగించే ఓపిక లేని కోడళ్ళకు, కూతుళ్ళకు, ఒంటరిగా హాస్టల్లో ఉండే కొడుకులకు ఇది పెద్ద ఆసరా.

పైన చెప్పిన అరబీ కితాబులన్నీ మగవాళ్ళ పేర్ల మీద ఉన్నాయి. దర్బారు వంటలు, దర్బారు దస్తర్‌ఖాన్లు. నానీలు రాయలేదు. రాయడం వాళ్ళకు నేర్పలేదు. నేర్చుకున్న నాలాంటివాళ్ళం రాజుల గురించి రాశాం. మంగోలుల ఫౌజు రాకుండానే మా ఇంటి కుతుబ్‌ఖానా ఆపాతోపాటు మట్టిలో కలిసింది. మీ ఇంట్లో అమ్మీ, దాదీ, నానీ ఎవరు సలామత్‌గా ఉన్నా, ఈ జుమా రోజు పక్కన కూర్చుని ఒక్క వంటైనా కొలతతో రాసుకోండి. అందాజా అంటే ఊరుకోకండి. ఆమె చేతిలోని ఉప్పును చెంచాలో పోయించి కొలవండి.

మొన్న మా అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. నా కొలతతో చేసిందట. ఆసుపత్రికి పట్టుకెళితే తోటి నర్సులు పేరు అడిగారట.

"ఏం చెప్పావ్?" అన్నాను.

"ఖాగీనా అని చెప్పాను అమ్మీ. మా నానీమా వాళ్ళమ్మది అని చెప్పాను."

"అందరికీ వచ్చాయా?"

"పన్నెండు మంది, పన్నెండు ముక్కలు. తలా ఒకటి."

నానీ ఉంటే, బస్, అదే కావాలి బేటీ, అనేది.